ఇంటిమీద కండక్టర్

మా చిన్నాన్న కూర్చోగా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ నిలబడే ఉన్నాడు, రిటైరయ్యాక ఇంట్లోనూ నిలబడే ఉన్నాడు. అన్నం కూడా గోడకానుకునే తింటాడు. కూర్చుంటే ముళ్ళేమైనా గుచ్చుకుంటాయా అని నేను విసుక్కుంటే, సీటు ప్యాసింజర్లది, మనది కాదమ్మాయ్ అంటాడు. నేనుండేది పక్క వాటాలోనే కాబట్టి ఆయన తిరుగుడంతా నా కళ్ళముందే. చూసి చూసి నాకే కాళ్ళు పీకుతాయి.

ఆయన గొప్పగా చెప్పుకునేది ఒకటే. కిక్కిరిసిన బస్సులో రోజంతా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి కూడా, సర్వీసు మొత్తంలో ఒక్క ప్యాసింజరు కాలు తొక్కలేదట. ఎలాగో చూపిస్తాడు కూడా. ముందు వేళ్ళు ఆనించాలి, కింద ఏముందో చూసుకోవాలి, అప్పుడు బరువు వేయాలి. ఎవరింటికెళ్ళినా ఇదే పాఠం. వినీ వినీ మాకు కంఠతా వచ్చేసింది.

పిన్నికి ఊపిరితిత్తులు చెడిపోయాక డాక్టరు ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. గాలి పీల్చి, అందులోంచి ఆక్సిజన్ తీసి, సన్నటి గొట్టంతో ముక్కుకి అందించే మిషన్ అది. కరెంటుంటేనే నడుస్తుంది. మా వీధిలో కరెంటుకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పోతుంది. అందుకే చిన్నాన్న పిన్ని గది రేకులమీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించాడు, వరండాలో బ్యాటరీ పెట్టించాడు.

బిగించడానికి వచ్చిన మెకానిక్కమ్మాయి అన్నీ విడమరిచి చెప్పింది. ప్యానెళ్ళు పాతికేళ్ళు పనిచేస్తాయి, ఏటా కాస్త కాస్త తగ్గుతాయి, బ్యాటరీ మాత్రం అంతకన్నా ముందే పోతుంది, దుమ్ము పడితే పక్కన నిలబడి నీళ్ళు కొడితే చాలు, పైకి ఎక్కకూడదు. మా చిన్నాన్న చెవికెక్కింది మొదటి ముక్క ఒక్కటే.

ఆ పాతికేళ్ళు ఆయన బుర్రలో దూరి, మనిషిని నిలవనియ్యలేదు. టీ కొట్టువాణ్ణి అడిగాడు, మేస్త్రీని అడిగాడు, బస్సు డిపోలో పాత స్నేహితుల్ని అడిగాడు. నిజంగా అన్నాళ్ళు ఉంటాయా, ఊరికే అంటారా అని. పొద్దున్నే నా తలుపు కొట్టి అదే ప్రశ్న. నాకెలా తెలుస్తుంది చిన్నాన్నా, వెళ్ళి ప్యానెల్నే అడుగు అని ఒకరోజు కసిరాను. ఆయన నిజంగానే నిచ్చెన తెచ్చుకుని వెళ్ళాడు.

ఇక అప్పట్నుంచి రోజూ అదే పని. తడిగుడ్డ పట్టుకుని ఎక్కడం, అద్దాలు తుడవడం. ప్యానెళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యవాటికి చెయ్యి అందదు. అందకపోతే ఏం, మన కండక్టరు వాటిమీద నడిచాడు. నేను వీధిలోంచి చూసి గొంతు చించుకున్నాను. ఆయన పైనుంచే తాపీగా జవాబిచ్చాడు.

"ముసలమ్మల కాళ్ళ మధ్యలోంచి నడిచినవాణ్ణమ్మాయ్. ఒక్క గీత పడిందేమో వచ్చి చూపించు."

ఎక్కి చూశాను. నిజంగానే ఒక్క గీత లేదు. నోరు మూసుకుని దిగాను. కింద మంచంమీద పిన్ని, నెత్తిమీద రేకుల చప్పుడు వింటూ, మీ చిన్నాన్న డ్యూటీ ఎక్కాడే అని నవ్వేది.

కొన్నాళ్ళకి బ్యాటరీ సరిగా నిండటం మానేసింది. దుమ్మే కారణం అన్నాడు చిన్నాన్న. సాయంత్రం కూడా ఎక్కడం మొదలుపెట్టాడు. బ్యాటరీ ఎంత తగ్గితే ఆయన అంత ఎక్కువగా తుడిచేవాడు, కాలుగాలిన పిల్లిలా నిచ్చెనకీ వరండాకీ మధ్య తిరుగుతూ. నాకు లోపల భయంగానే ఉండేది. మెకానిక్కి ఫోన్ చేద్దామంటే, దుమ్ము దులపడానికి మెకానిక్కెందుకు అనేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికే పిన్ని మిషన్ కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీ ఖాళీ. నేను అవసరానికని మూలన పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకొచ్చి గొట్టం తగిలించేసరికి పిన్ని పెదాలు నీలంగా మారాయి. చిన్నాన్న అప్పుడు ఇంటిమీదే ఉన్నాడు. తడిగుడ్డతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. పిన్ని ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. నాలుగు దులిపేద్దామనుకున్న నేను, ఆయన గుడ్డలోంచి నీళ్ళు కారి గచ్చు తడవడం చూసి ఊరుకున్నాను.

మర్నాడు మెకానిక్కమ్మాయి వచ్చి, వేడిని చూపించే కెమెరాతో పైన ఫొటోలు తీసి, మా ఇద్దరికీ చూపించింది. నల్లటి ప్యానెళ్ళమీద అక్కడక్కడా తెల్లగా మెరిసే మచ్చలు. అద్దానికేం కాలేదట. దాని కింద కాగితమంత పల్చటి బిళ్ళలుంటాయి, అవి చిట్లాయట. చిట్లినచోట కరెంటు పుట్టకపోగా వేడెక్కుతుందట. కంటికి మాత్రం ఏమీ కనబడదు.

ఆ మచ్చలు ఏటవాలుగా, ఒకదాని తర్వాత ఒకటి, సరిగ్గా ముందు వేళ్ళు ఆనించి నడిచే మనిషి అడుగంత దూరంలో ఉన్నాయి. ఎవరు నడిచారని ఆ అమ్మాయి అడగనే లేదు. చిన్నాన్న ఆ ఫొటో వంక చాలాసేపు చూశాడు.

"తొక్కేశాను," అన్నాడు.



చిట్లినవి తీసేసి కొత్తవి బిగించిన రోజున, మెకానిక్కమ్మాయి సామాను సర్దుకుంటుంటే చిన్నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మిగతావి ఎన్నాళ్ళుంటాయమ్మా అన్నాడు. ఎక్కకుండా ఉంటే చాలాకాలం ఉంటాయంది. చాలాకాలమంటే పాతికేళ్ళేనా అన్నాడు. అవునంది. ఖాయంగానా అన్నాడు. పాపం ఆ పిల్ల నా వైపు చూసింది.

పిన్ని మంచంమీంచి పిలిచింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ మెల్లగా అంది.

"ఆ అమ్మాయిని వెళ్ళనివ్వండి. ఎన్నాళ్ళని మీరు అడగాల్సింది డాక్టర్ని. ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా పిన్నితో లోపలికి వెళ్ళేది నేను. ఆయన బయట వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉండేవాడు. కుదురులేని మనిషి కదా అని నేను పట్టించుకోలేదు.

చిన్నాన్న దారి వదిలాడు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

"భయమేసింది," అన్నాడు చిన్నాన్న, గోడవైపు చూస్తూ.

"నాకు తెలుసు. నేను అడిగాను. చెప్పమంటారా?" అంది పిన్ని.

ఆయన వద్దని తలూపాడు.

"సరే, చెప్పను. వచ్చి కూర్చోండి."

మంచం పక్కన కుర్చీ ఉంది. నేను తప్ప ఎవరూ కూర్చోని కుర్చీ. చిన్నాన్న దాని అంచున కూర్చున్నాడు, ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకుని, కాళ్ళు ఎవరికీ తగలకుండా లోపలికి ముడుచుకుని. మడమ మాత్రం టకటకా ఆడుతూనే ఉంది. ఎంతసేపులే, ఇప్పుడే లేస్తాడనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పిన్ని మిషన్ ఒక్కసారి కూత పెట్టి, బ్యాటరీ మీదికి మారి మళ్ళీ నడవసాగింది. చిన్నాన్న చూపు తలుపు అవతలున్న నిచ్చెనమీదికి పోయింది. సగం లేచాడు. పిన్ని ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

మళ్ళీ కూర్చున్నాడు. మడమ ఆడిస్తూనే, మిషన్ చప్పుడు వింటూ, కరెంటు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.