ఫ్రిజ్ తలుపు మీద ఆసుపత్రి

బొమ్మల వదిన మూడంతస్తుల ఆసుపత్రిని, డాక్టర్లతో రోగులతో సహా ఒక డబ్బాలో కుక్కి, మూత బిగించి, చంకన పెట్టుకుని వీధిలో నడిచింది. నమ్మనివాళ్లు ఆవిడ ఇంటి ఫ్రిజ్‌ని అడగవచ్చు.

సైకిళ్ల కొట్టు పైగదిలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో వదిన ఉద్యోగం. అక్కడ రాసింది అక్కడ గుర్రంలా పరిగెత్తేది, ప్రోగ్రాము రాయించుకున్న డాక్టరుగారి కంప్యూటర్లో పెడితే గాడిదలా చతికిలబడేది. అందుకని ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ ఒకే మూటగా కట్టే డాకర్ అనే పనిముట్టు నేర్చుకోమని ఆఫీసులో అన్నారు. ఆ మూట పేరు కంటైనర్, ఎక్కడ దింపినా ఒకేలా నడుస్తుంది. సోమవారానికి నడిపించి చూపిస్తే ఆ పని వదినది. లేకపోతే సీనియర్ మీసాలాయనది, వదిన మళ్లీ ఫోన్లు ఎత్తే కుర్చీలోకి.

పుస్తకం తెరిస్తే ఆవలింత, మూస్తే భయం. అది నీకెక్కదులేమ్మా అని మీసాలాయన జాలిపడ్డాడు. ఆ జాలికి వదిన ఒళ్లు మండింది. ఆడపడుచు బళ్లో డ్రాయింగ్ టీచరు. మార్కరు చేతిలో పెట్టి, "చదివింది చాలు వదినా, గియ్యి" అంది.

ఇంట్లో తెల్లగా, నున్నగా ఉన్నది ఫ్రిజ్ తలుపొక్కటే. ఇమేజ్ అంటే అచ్చు, కంటైనర్ అంటే అచ్చులోంచి తీసిన డబ్బా అని వదిన గీసింది. డబ్బాలో ప్రోగ్రాముకు కుర్చీ వేసి, రోగుల పేర్లు దాచే బీరువాను ఆ కుర్చీ పక్కనే నిలబెట్టింది. తలుపు తీస్తే బొమ్మ గోడవైపు తిరిగిపోతుందని ఎవర్నీ పాలు తీయనివ్వలేదు. ఇంటిల్లిపాదీ నల్ల టీ తాగి, కంటైనర్లు చేదని తీర్మానించారు.

ఒక్కటే తంటా. కంప్యూటర్లో పాత డబ్బా పారేసి కొత్తది తీసిన ప్రతిసారీ రోగుల పేర్లు మాయం. ఆదివారం సాయంత్రానికి వదిన జుట్టు పీక్కుంటోంది. వంకర గీత చూస్తే ఆడపడుచుకు అన్నం సయించదు. ఫ్రిజ్ మీద గీసిన డబ్బా సొట్టపోయిందనీ, తాను గీసిపెడతాననీ తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. డబ్బా పోయింది. దాంతోపాటే బీరువా పోయింది.

వదిన తుడిచినచోట వేలు పెట్టి అరిచింది. "బీరువాని డబ్బాలో పెట్టానే పిల్లా. డబ్బా పారేస్తే అదెక్కడుంటుంది?"

ఆడపడుచును ఎత్తి గిరగిరా తిప్పితే పైకప్పు ఫ్యాను సిగ్గుపడి ఆగిపోయింది. తర్వాత బీరువాను డబ్బా బయట గీసి, లోపలికొక దారి పెట్టింది. దాన్ని వాల్యూమ్ అంటారని పుస్తకం మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉందట.

సోమవారం డాక్టరుగారి ముందే వదిన పాత డబ్బా పారేసింది. మీసాలాయన కళ్లు మూసుకున్నాడు. కొత్తది తెరిస్తే రోగులంతా పేరుపేరునా వరసలో ఉన్నారు. పని వదినదైంది. మీసాలాయన మీసం సవరించుకుని, ఆ బొమ్మ ఒకసారి తెస్తావా అమ్మా అన్నాడు. ఫ్రిజ్ మోసుకురాలేను, మీరే రండి అంది వదిన.

ఆసుపత్రిని డబ్బాలో కుక్కిన వైనం వీధిలో ఎవరడిగినా, పాలు పోసి టీ కలుపుకుంటూ వదిన తల కూడా ఎత్తదు.

"ఆసుపత్రి కాదు. పళ్ల డాక్టరు. ఒకటే గది, ఒకటే కుర్చీ."