కాక ముట్టుకోని తీగ

కాక పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మార్కెట్ యార్డు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పసుపు కుప్పల చీటీలు కొడుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ కాక లేస్తలేడు" అంది. ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉంటుందేమోనని మళ్లీ అడిగాను. డెబ్బై దాటిన మనిషి. జబ్బంటూ లేదు. ముందురోజు సాయంత్రం కూడా షాపు తెరిచాడట. నిద్రలోనే పోయాడు.

మీలో ఎవరైనా ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తా మీదుగా బండి నడిపి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. రోడ్డు పక్కన రేకుల షాపు, ముందర ఎప్పుడూ ఒకటో రెండో ట్రాక్టర్లు. బండ్లకు కరెంటు పని చేసేవాడు. లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు. ఇంజన్ జోలికి పోయేవాడు కాదు, "గది నాకు రాదు" అని నిమ్మళంగా చెప్పేవాడు. మా అత్తమ్మకు ఆయన తమ్ముడి వరుస. చుట్టరికం ఏమీ లేదు, ఒకే వాడకట్టు. ఆ వరుసనే నాకు కాక అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది.

ఆయన పని చేస్తుంటే చూడబుద్ధేసేది. కొత్త బండి ఏది వచ్చినా ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తర్వాత బానెట్ ఎత్తి ఊరికే చూసేవాడు. తొందరపడే డ్రైవర్లతో, "జర ఆగు. తీగ ఎటు వోదు" అనేవాడు. రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టి పంపడం ఆయనకు తెలియదు, ప్రతి అతుకునూ కాల్చి సీసం పోసేవాడు. పనయ్యాక పాత క్యాలెండర్ కాగితం వెనక తాను కొత్తగా వేసిన తీగలన్నీ గీసి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో రాసి బండి వాళ్ల చేతికిచ్చేవాడు. "రేపు నేనుంటనో ఉండనో. చూసెటోనికి తెల్వాలె కద" అనేవాడు. చాలామంది ఆ కాగితాన్ని సీటు కింద పడేసి మరిచిపోయేవాళ్లు. మేమూ అంతే.

రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ తీసుకెళ్లి కసరత్తు చేయించాలన్నారు డాక్టర్లు. బస్సులో ఆమెను ఎక్కించి దించడం ఒక యుద్ధం. మస్కట్‌లో ఉన్న మా ఆయన అది విని కొత్త డీజిల్ కారు కొనిపించాడు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారైతే వచ్చింది కానీ అందులోకి ఎక్కడం కూడా అత్తమ్మకు కష్టమే అయింది.

కాక ఒక ఆదివారం వచ్చి, అత్తమ్మ ఎలా ఎక్కుతోందో నాలుగైదుసార్లు ఎక్కించి దించి మరీ చూశాడు. ఆమె విసుక్కుంది. "ఏందిరా తమ్మీ, నన్నేమన్న సర్కస్ చేపిస్తున్నవా?" "గీ ఒక్కసారే అక్కా" అంటూ ఇంకోసారి ఎక్కించాడు. తర్వాతి వారం తలుపు కింద ఒక ఇనుప మెట్టు, పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ వచ్చాయి. ముందు సీటు ఇంకాస్త వెనక్కి జరిగేలా చేశాడు. ఏసీ గాలి ఆమెకు పడదు, అందుకని చిన్న ఫ్యాను పెట్టాడు. తలుపు తీయగానే మెట్టు మీద వెలుగు పడేలా ఒక లైటు కూడా. అత్తమ్మ ఆ లైటును వాడకట్టంతా పిలిచి చూపించింది.

అయిదు నెలలు బాగానే తిరిగాం. ఒకరోజు నిజామాబాద్ దారిలో మీటర్ల మధ్య పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. ఆ వెంటనే బండి ఊపిరి పట్టేసినట్టయింది. ఎంత తొక్కినా ముందుకు లాగదు. వెనక లారీ హారన్ కొడుతోంది, పక్కన అత్తమ్మ దేవుణ్ని తలుచుకుంటోంది. ఎలాగో పక్కకు తీసి ఆపాను. కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడిచింది.

షోరూం వాళ్లు కంప్యూటర్ పెట్టి చూసి, లైటు ఆర్పి పంపించారు. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్లినప్పుడు స్టీరింగ్ కింద డబ్బా విప్పారు. అక్కడి సర్వీస్ అడ్వైజర్ నన్ను లోపలికి పిలిచి కాక వేసిన తీగలు చూపించాడు. "మేడం, బయట వైరింగ్ చేయించిన్రు. ఇంజన్ కంప్యూటర్ పోయినట్టుంది. అది మార్చాలె. వారంటీలో రాదు, మీరే పెట్టుకోవాలె." నేను ఏదో అనబోయాను. "కంపెనీ రూల్ మేడం" అని ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు.

ఆరోజు ఇంటికి కూడా పోకుండా నేరుగా కాక షాపు ముందు ఆపాను. ఇవాళ్టికీ నేను సిగ్గుపడే మాట అక్కడ అన్నాను. నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. "నీ చెయ్యి వడ్డంకనే నా బండి ఖరాబైంది కాకా. కొత్త బండి. నిన్ను నమ్మి అప్పజెప్పిన" అన్నాను. 

కాక చేతిలో ఉన్న పనిముట్టు కింద పెట్టాడు. కోపగించుకోలేదు. షోరూంలో ఏమన్నారో మొదటినుంచి చివరిదాకా చెప్పించుకున్నాడు. "కాయితం ఏమన్న ఇచ్చిన్రా?" అని అడిగాడు. లేదన్నాను. "నా తప్పైతే నేనే ఒప్పుకుంట బిడ్డా. ముందుగాల తప్పెవరిదో తెల్సుకుందాం" అన్నాడు.

ఆ ఆదివారం తాను పెట్టినవన్నీ తానే విప్పాడు. ఫ్యాను, లైటు, వాటి తీగలు, స్విచ్చులు. మెట్టూ కడ్డీ మాత్రం కరెంటుతో పని లేనివని ఉంచాడు. నా చేత ఒక నోటుబుక్కు కొనిపించి, "ఇగ ఇట్లనే నడుపు. లైట్ వచ్చినప్పుడల్ల టైము, యాడున్నవ్, ఎంత స్పీడు, రోడ్డెట్లున్నది, ఏసీ ఉన్నదా లేదా, అన్ని రాయి. లైట్ రాకుంటే తప్పు నాదే. షోరూం కాడికి నేనే వచ్చి చెప్త" అన్నాడు. అత్తమ్మను మాత్రం ఆ బండిలో ఎక్కించవద్దన్నాడు. తనకు తెలిసినవాళ్ల వ్యాను అడిగి తెచ్చి, వారంలో ఆ రెండు రోజులూ షాపు మూసి తానే నిజామాబాద్ తీసుకెళ్లాడు.

నేను ఒక్కదాన్నే ఆఫీసుకీ ఇంటికీ, ఒకసారి అంకాపూర్ దాకా, ఒకసారి ముప్కాల్ దాకా తిప్పాను. నాలుగు రోజులు లైటు రాలేదు. ఆ నాలుగు రోజులూ షాపు ముందు నుంచి పోతుంటే కాక తలెత్తి చూసేవాడు, నేను లేదన్నట్టు చెయ్యి ఊపేదాన్ని. అయిదో రోజు వచ్చింది. ఎనిమిదో రోజు మళ్లీ వచ్చింది. పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే రెండుసార్లు చదివాడు. సంబరపడతాడనుకున్నాను. "రెండుసార్లు గూడ రోడ్డు ఖరాబున్న కాడనే వచ్చింది" అని మాత్రం అన్నాడు.

పదో రోజు తాను పక్కన కూర్చుని నా చేత నడిపించాడు. అంకాపూర్ వైపు ఒకచోట రోడ్డు తవ్వి ఉంది. ఆ గుంతలో ఎడమకు తిప్పగానే పసుపు లైటు వెలిగింది. అక్కడే ఆపించి బానెట్ ఎత్తాడు. చిన్నమ్మ బొట్టు పెట్టుకునే గుండ్రటి అద్దాన్ని జేబులోంచి తీసి, బ్యాటరీ వెనక్కి దించి టార్చి వేశాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "చూడు" అని నాకు అద్దం చూపించాడు.

లావుపాటి నల్లటి తీగల కట్ట, దానికి ఆనుకుని ఇనుప పట్టీ అంచు. రాసుకుని రాసుకుని పైతొడుగు చిరిగి, లోపల రాగి సన్నగా మెరుస్తోంది. కంపెనీ నుంచి వచ్చిన కట్ట అది. కాక వేసిన తీగలు ఆ దరిదాపుల్లో ఎక్కడా లేవు.

"చుట్టెయ్యి కాకా. పది నిమిషాల పని గద" అన్నాను.

ఆయన వెంటనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అలాంటి తీగను చూసి కాక చేతులు వెనక్కి పోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"నేను ఒక్క చుట్టు టేపు చుట్టిన్ననుకో, రేపు గదే చూపెట్టి ఇది గూడ నేనే కోసిన్నంటరు. వాళ్ల తీగ వాళ్లే బాగు చెయ్యాలె" అన్నాడు. బానెట్ మూసేముందు ఇంకోసారి దానివైపు చూశాడు.

రాసి పెట్టుకున్న వివరాలన్నీ యార్డు ఆఫీసులో కొట్టి ఒక కాగితంగా తీశాను. సీటు కింద వెతికితే కాక గీసిన క్యాలెండర్ కాగితం దొరికింది. మర్నాడు కాక తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. విప్పిన సామానంతా ఒక సంచిలో పెట్టుకున్నాడు. షోరూంలో చల్లటి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఎంత తోమినా గోళ్లలో నలుపు పోలేదేమో, చేతులు సంచి కింద దాచుకున్నాడు.

అడ్వైజర్ వచ్చి, "మీరెవరు?" అన్నాడు.

"గీ బండికి బయట వైరింగ్ చేసినోన్ని నేనే సార్."

అతను నవ్వాడు. "రోడ్డు మీద మెకానిక్ చెప్తే మేం వినాల్నా?"

నాకు ఒళ్లు మండింది. కాక మాత్రం సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్లమీద పెట్టాడు. "గివి నేను పెట్టినయి. గీ కాయితం మీద యాడ పెట్టిన్నో గీసిన. అన్ని తీసేసినంక గూడ రెండుసార్లు లైట్ వచ్చింది, తారీఖులు గీడ రాసున్నయి. మూడోసారి నా ముంగటనే వచ్చింది. నా ఏ తీగతోని బండి ఖరాబైందో చూపెట్టుండ్రి సార్. చూపెడితే చప్పుడు చెయ్యకుంట పోత. లేదంటే వారంటీ రాదని, ఎందుకు రాదో, కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యుండ్రి."

అతను రాయనన్నాడు. కాక లేవలేదు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. చివరికి మేనేజర్ వచ్చి కాగితాలు చూశాడు, లోపలి నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాడు. అందరం బండి దగ్గరికి నడిచాం. తప్పెక్కడుందో కాక తానుగా చెప్పలేదు. "బ్యాటరీ ఎనుక జర చూడుండ్రి తమ్మీ" అన్నాడు, అంతే.

కంపెనీ చొక్కా వేసుకున్న ఆ మెకానిక్ నడివయసు మనిషి. బ్యాటరీ విప్పి, వంగి చూసి, చాలాసేపు లేవలేదు. అడ్వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ మెకానిక్ ఏమంటాడోనని నేను దగ్గరికి జరిగాను. అతను లేచి చేతులు తుడుచుకుంటూ మేనేజర్‌తో, "ఇది మన కంపెనీ వైరింగే సార్. పట్టీకి రాసుకపోయింది. బయటోళ్లు దీన్ని ముట్టుకోలే" అన్నాడు.

బండి తీసుకున్నారు. కొత్త తీగల కట్ట తెప్పించి వారంటీలోనే వేశారు. ఇంజన్ కంప్యూటర్‌కు ఏమీ కాలేదని తేలింది. ఆ తర్వాత ఆ పసుపు బొమ్మ మళ్లీ వెలగలేదు. వచ్చేముందు కాక ఆ మెకానిక్‌ను వెతుక్కుంటూ లోపలికి వెళ్లి, అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి వచ్చాడు. ఏం చెప్పాడో నన్ను అడగనివ్వలేదు.

వారంటీ అయ్యేదాకా బండి కరెంటును మళ్లీ ముట్టనన్నాడు. అత్తమ్మకు లైటు కావాలి కదా, టార్చి సెల్లులతో వెలిగేది ఒకటి చేసి మెట్టు పక్కన అతికించాడు.

షోరూం నుంచి తిరిగి వస్తూ, షాపు ముందు అన్న మాటకు క్షమించమని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "లైట్ రాని గా నాలుగు దినాలు నా చెయ్యిని నేనే నమ్మలే. నువ్వెట్ల నమ్ముతవు బిడ్డా?" అన్నాడు.

ఈ సంగతి ఊళ్లో పాకింది. షోరూంలతో తగాదా ఉన్నవాళ్లు కాగితాలు పట్టుకుని షాపుకు వచ్చేవాళ్లు. ఎవరికైనా ఒకటే చెప్పేవాడు, అయిందంతా వరసగా రాసుకోవాలని, కాదన్నవాళ్ల చేత కాగితం మీద కాదనిపించాలని. కొత్త కార్లకు నీలం లైట్లూ పెద్ద హారన్లూ పెట్టమని వచ్చేవాళ్లను మాత్రం వెనక్కి పంపేవాడు. "వారంటీ దాటినంక రా. పెండ్లి బండి లెక్క చేసిస్త." ఆ పని ఇతర షాపులకు పోయేది. చిన్నమ్మ బీడీలు చుడుతూ సణిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అత్తమ్మ ఏడాదిన్నరకు కర్ర పట్టుకుని తానే కారెక్కగలిగింది. ఆమె పోయి ఏళ్లయింది. కారు కూడా ఎప్పుడో అమ్మేశాం.

కాక పోయిన పదో రోజు చిన్నమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. "నీ బండి లొల్లైనప్పుడు గా పది దినాలు మీ కాక సక్కగ బుక్కెడన్నం తినలే. పొద్దుందాక గీతలు గీసుకుంట కూసున్నడు. యాడన్న తప్పు జేసిన్నా అని నన్నడుగుతడు. నాకేం తెల్సు?" నాకైతే ఒక్కరోజూ తెలియనివ్వలేదు.

పొద్దు గూకుతుండగా బయటికి వచ్చాను. షాపు షట్టర్ దించి ఉంది. దాని ముందు పసుపు బస్తాల ట్రాలీతో ఒక ట్రాక్టర్ ఆగి ఉంది. రైతు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. "కాక లేడన్నా" అని చెప్పబోయాను. "ఎరుకే చెల్లే. ఊకనే ఆగిన" అన్నాడు. ఇంకాసేపుండి, గేరు వేసి కదిలాడు. ట్రాలీ వెనక ఒక ఎర్ర లైటు వెలుగుతోంది, రెండోది వెలగడం లేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ ఒక్క లైటునే చూస్తూ నిలబడ్డాను.