మందు కొట్టని సగం

రిటైరవడానికి రెండేళ్లుందనగా, ఒక జనవరి నెలలో నన్ను గజపతినగరానికి దగ్గర్లోని ఒక మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. చేరిన రోజే ఏడీఏ గారు, అంటే మా పైన ఉండే సహాయ సంచాలకులు, ఒక పని అప్పగించారు. బొబ్బర చేలకు పట్టే పేనుబంక మీద వేపగింజల కషాయం పనిచేస్తుందో లేదో ఒక రైతు పొలంలో కొట్టి చూపించాలి. తేడా కనిపిస్తే మిగతా ఊళ్లకూ చెప్పిస్తారు. లేకపోతే కషాయం మాట అక్కడితో సరి. పేనుబంక అంటే లేతకొసలకు గుంపుగా పట్టి రసం పీల్చే నల్లటి చిన్న పురుగు. అది పట్టిన కాయ ముడుచుకుపోతుంది.

అప్పలనరసమ్మ అనే రైతు తన అరెకరం చేను ఇచ్చింది. అప్పటికే పేను పట్టి ఉంది. ఆ ఇంటికి ఏడాది పొడుగునా బొబ్బర్లు ఆ చేలోవే. సగానికి కషాయం కొట్టి, సగం వదిలెయ్యాలన్నాను. వదిలేసిన సగాన్ని మా శాఖలో కంట్రోలు అంటాం. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఆ సగం ఏం పాపం చేసిందని ఆవిడ అడిగింది. పావుగంటసేపు సైన్సు చెప్పాను. ఆవిడ తలూపింది. తలూపితే ఒప్పుకున్నట్టేనని ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా నమ్మేవాణ్ణి.

రెండున్నర కిలోల వేపగింజల పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, యాభై లీటర్ల నీళ్లూ కాస్త సబ్బుపొడీ కలిపి సాయంత్రం కొట్టించాను. ఎండలో కొడితే కషాయం బలం తగ్గిపోతుంది.

ఏడోరోజు భూతద్దంతో వెళ్లాను. ఒక్కో సగంలో పదేసి మొక్కలు ఎంచి పేను లెక్కపెట్టాలి. కొట్టిన సగం శుభ్రంగా ఉంది. కొట్టని సగమూ అంతే. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. అదే లెక్క. కాగితం మీద నా కషాయానికి మార్కులు సున్నా. చేలో అక్షింతల పురుగులు తిరుగుతుంటే, పేనును అవే తినేశాయని అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం కట్టి ఆవిడకు వివరించాను. చాలా శ్రద్ధగా విన్నది.

“అవీ తినే ఉంతాయి బాబూ,” అంది. “నాను కూడా కొట్టీసినాను. పిప్పి మిగిలిపోనాది కదా, మళ్లీ నానబెట్టినాను.”

ఎందుకలా చేశావని అడిగాను.

“ఉన్నది ఒక్క సేను. సగం ఒగ్గీసి, అది సచ్చిపోతంటే సూత్తా కూకోమంతావేటి బాబూ?”

ఒళ్లు మండింది. భూతద్దం జేబులో వేసుకుని వచ్చేశాను. ఆవిడ చేను రెండు సగాలూ బాగా పండాయి. నేను జరిగింది జరిగినట్టు రాసి పంపాను. కంట్రోలు లేని ప్రదర్శన చెల్లదని ఏడీఏ గారు తిప్పి పంపి, ఇంకొక్కసారి చేసి చూపమన్నారు.

ఈసారి రైతుల జోలికి పోలేదు. క్వార్టర్సు పెరట్లో మా ఆవిడ పెంచుతున్న, అదే పేను పట్టిన రెండు చిక్కుడు పాదుల్లో ఒకదానికి కషాయం కొట్టి, రెండోదాన్ని కంట్రోలు చేశాను. అయిదోరోజుకి ఆ రెండోదాని పూతంతా నల్లబడింది. స్ప్రేయరు భుజాన వేసుకుని రెండుసార్లు దాని దగ్గరికి వెళ్లి, రెండుసార్లూ వెనక్కి వచ్చాను. మూడోసారి మా ఆవిడ వెళ్లబోతే, స్ప్రేయరు ఆఫీసులో పెట్టి తాళం వేశాను. కొట్టిన పాదు నిలబడింది, కొట్టనిది ఎండిపోయింది. రిపోర్టు ఆమోదమైంది. ఆ కోపానికి మా ఆవిడ నెలంతా నాకు బంగాళాదుంపల వేపుడే పెట్టింది.

కంట్రోలు వల్ల వచ్చే నష్టం ఎవరో ఒకరు భరించాలి. అది ఎవరో ముందే తేల్చుకోకుండా ప్రదర్శన పెట్టకూడదు. ఆ తర్వాత నేను ఏ రైతునూ సగం చేను అడగలేదు. ఒక్క వరస అడిగాను, ఆ వరసకు పండే గింజలు ముందే కొలిచి ఇచ్చి.