కప్పల్లో కలపని తాబేలు

నా చిన్నప్పుడు ఎండల సెలవుల్లో మా ఊరి గెడ్డ, అంటే వాగు, ఎండిపోయేది. పిల్లలమంతా ఆ బురదలో చేతులు పెట్టి చేపలు వెతికేవాళ్ళం. ఒకసారి నాకు తాబేలు డిప్ప ముక్క దొరికింది. చర్మం ఊడిపోయి ఎముక తేలింది. దాని మీద ఆవగింజలు అద్దినట్టు సన్నటి గరుకు.

బడి తెరిచాక మా సైన్సు మాస్టారు, నీటిలోనూ నేల మీదా బతికేవన్నీ ఉభయచరాలేనని చెప్పి, కప్ప పక్కన తాబేలునీ రాయమన్నారు. నేను రాయలేదు పిల్లలూ. తాబేలు గట్టున గొయ్యి తీసి పెంకున్న గుడ్లు పెట్టడం నా కళ్ళతో చూశాను. కప్ప అలా పెట్టదు కదా! ఆ మాటే అంటే, రాసేదాకా వరండాలో నిలబడమన్నారు.

ఇంటికొస్తే అమ్మ కూడా, "రాసెయ్యవే, నీ సొమ్మేటి పోతాది?" అని విసుక్కుంది.

పక్కింటి అక్క విజయనగరం కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. విషయం విని పకపకా నవ్వింది. "గేదె కూడా సగం రోజు నీటిలోనే ఉంటాది. దాన్నీ కప్పల్లో కలిపేద్దుమా?" అంది. ఆ శనివారం నన్ను బస్సెక్కించి కాలేజీకి తీసుకెళ్ళింది.

అక్కడ అద్దాల బీరువాలోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది. రాయి మీదా అవే ఆవగింజలు! మనుషులు పుట్టక ముందెప్పుడో బతికిన తాబేలు డిప్ప అలా రాయైపోయిందట. "ఎక్కడుంటాదని కాదే, ఎముకెలాగున్నాదో సూడాలి. ఈ తాబేళ్ళ ప్రజాతిలో జాతులెన్నని పెద్దోళ్ళు ఇంకా తగువులాడుకుంతన్నారు గానీ, కప్పల్లో మాత్రం ఎవులూ కలపలేదు. పాము, బల్లి లాగ ఇదీ సరీసృపమే" అంది.

సోమవారం నా ముక్కని మాస్టారి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన దాన్ని పక్కకి నెట్టి, "కాలేజీ వాళ్ళొచ్చి నీ పరీక్ష దిద్దుతారేటి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ముక్క తీసుకుని, ఆయన చెప్పకుండానే వెళ్ళి వరండాలో నిలబడ్డాను. వచ్చేపోయే పిల్లలు "తాబేలమ్మా, డిప్పలోకి దూరవేటే?" అని ఏడిపించేవారు. ఏడుపొచ్చేది. అయినా కదల్లేదు.

వానలు పడి వరండా తడిసిపోతుంటే చివరికి ఆయనే లోపలికి రమ్మన్నారు. ఆ జవాబు ఊసెత్తలేదు. పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న ఇచ్చారు. తాబేలు సరీసృపమని రాశాను. సున్నా వేశారు. ఆ సున్నాని అక్కకి చూపిస్తే నా వీపు తట్టింది.

ఇప్పటికీ నలుగురూ ఒకవైపు చేరి, "పోనీలే, అవుననేయ్" అంటుంటారు. నాకు తెలిసింది మెల్లగా ఒకసారి చెబుతాను. నేను పొరబడ్డానని చూపిస్తే ఒప్పుకుంటాను. చూపించకుండా ఒప్పుకోమంటే మాత్రం ఒప్పుకోను. ఒప్పుకోనంతే.