మా గదిలో తీసిన ఆమె గతం

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో మా లేడీస్ హాస్టల్. నాలుగో అంతస్తులో మూడు మంచాల గది మాది. కిటికీ తెరిస్తే ఎదురు బిల్డింగ్ వాటర్ ట్యాంకు, దానికి కట్టిన కోచింగ్ సెంటర్ బ్యానరు తప్ప ఏమీ కనపడేవి కావు. వీడియో ఎడిటింగ్ నేర్చుకుందామని తణుకు నుంచి వచ్చినదాన్ని, కోర్సు అయిపోయాక కూడా ఆ గదిలోనే ఉండిపోయాను. తలుపు దగ్గరి మంచంలోకి ఎవరో ఒక అమ్మాయి వచ్చేది, బ్యాచ్ అవగానే వెళ్లిపోయేది. కదలకుండా ఉన్నది నేనూ, కిటికీ పక్క మంచం అక్కా.

అక్కది జహీరాబాద్ వైపు. నాకంటే ఆరేళ్లు పెద్ద. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేసేది. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిల్స్ తీసుకురావడం ఆమె పని. షుగర్ పరీక్షకు పరగడుపునే ఇవ్వాలి కాబట్టి పెద్దవాళ్లంతా ఆరింటికల్లా రమ్మనేవారు. అందుకని అక్క నాలుగున్నరకే లేచేది. నాకు మధ్యలో మెలకువ వస్తే, దుప్పటి ముసుగేసుకుని ఫోన్ వెలుగులో బైబిలు చదువుకుంటూ కనిపించేది. ఆ వెలుగు నా కళ్లలో పడకూడదని ముసుగు.

నాకు దొరికిన ఉద్యోగమూ పంజాగుట్టలోనే. ఫోన్లో వీడియోలు పెట్టే ఒకావిడ దగ్గర ఎడిటర్‌ని. ఆవిడకు ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఐదింటికి లేవండి, సాకులు చెప్పకండి, నిద్ర తర్వాత పోవచ్చు, నేను సున్నా నుంచి మొదలుపెట్టాను, ఇలా ఉండేవి ఆ వీడియోలు. మా కోర్సులో సగం మంది ఆడపిల్లలు ఆవిడను ఫాలో అయ్యేవారు. ఉద్యోగం వచ్చిందని చెప్తే వాళ్లు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆఫీసు రెండో అంతస్తులో, ఇల్లు ఐదో అంతస్తులో. బిల్డింగే వాళ్ల నాన్నగారిది. ఆయన గుంటూరు నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డారట. మొదటిరోజే ఆవిడ నాతో, "మేడం అనొద్దు, అక్కా అను. ఇక్కడ బాసులెవరూ లేరు" అంది. నాకు హాస్టల్లో ఒక అక్క ఉండనే ఉంది. మరొకరిని అలా పిలవడానికి నోరు రాక మేడం అనే అన్నాను.

ఆవిడ ఐదింటికి లేవడం అబద్ధం కాదు. ఆ మాట ముందే చెప్పాలి. నిజంగానే లేచేది, నిజంగానే పరిగెత్తేది, రోజంతా ఒక్కచోట కూర్చునేది కాదు. కాకపోతే ఆవిడ లేచేసరికి వంటావిడ కాఫీ పెట్టి ఉంచేది. డ్రైవరు పార్కు దాకా దింపేవాడు. వీడియో కోసం ఆ కాఫీని ఆవిడే మళ్లీ పెట్టేది. అప్పుడు వంటావిడ కెమెరాకి అందకుండా ఫ్రిజ్ పక్కన నిలబడి, చక్కెర ఎక్కడుందో చేత్తో చూపించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ బల్లమీద పడేసి, "చదువు కామెంట్లు" అంది. 'మీకేం మేడం, డబ్బున్నవాళ్లు', 'మా హాస్టల్లో ఒక వారం ఉండి చెప్పండి' అని రాశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"కనెక్ట్ కావట్లేదంటున్నారు. మన స్ట్రగ్లింగ్ డేస్ మీద ఒకటి చెయ్యాలి. ఏదైనా హాస్టల్ రూమ్ దొరికితే బాగుండు."

"మా రూమ్ ఉంది మేడం" అన్నాను. ఆవిడ అడగలేదు. నా అంతట నేనే చెప్పాను. నా వల్ల ఏదో అవుతోందని ఆ క్షణం చాలా గొప్పగా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అనుకున్నాం. హాస్టల్ ఆంటీని నేనే ఒప్పించాను. అక్క చర్చి నుంచి త్వరగా వచ్చి గది ఊడ్చి, ట్రంకు పెట్టెలోంచి కొత్త దుప్పటి తీసి తన మంచం మీద పరిచింది. వచ్చీ రాగానే మేడం అక్కకు నమస్కారం చేసి, చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత గదంతా చూసి నా చెవిలో, "ఆ దుప్పటి మార్చెయ్. రోజూ వేసేదే వెయ్యి" అంది. నేను కొత్త దుప్పటి తీసేస్తుంటే అక్క నా వైపు చూసింది. వచ్చి అవతలి కొస పట్టుకుని మడత పెట్టించింది.

కెమెరా అతను లైట్లు సర్దుతున్నంతసేపూ మేడం అక్క పక్కనే కూర్చుని మాట్లాడింది. సిటీకి ఎలా వచ్చారు, మొదట్లో ఎక్కడున్నారు అని అడిగింది. అక్కకు మాట్లాడే మనిషి దొరికితే పండగే.

"మొదట్ల ఎర్రగడ్డల మా చిన్నమ్మ ఇంట్ల ఉన్న మేడం. ట్రైనింగ్ టైంల జీతం ఇయ్యలే. ఎర్రగడ్డ కెల్లి పంజాగుట్ట దాంక నడిచే పోయేది. పైన మెట్రో లైన్ ఉంటది గదా, దాని నీడ రోడ్డు మీద పడ్తది. గా నీడలనే నడుసుకుంట పోయేది. పొద్దుగాల ఒక పక్కకు పడ్తది, మాపటికి ఇంకో పక్కకు. కొన్ని పిల్లర్ నంబర్లు సుత యాదికున్నయి నాకు" అని నవ్వింది.

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దగ్గరే ఉన్నాను, చూశాను. అది నటన కాదని ఇప్పటికీ నా నమ్మకం.

షూటింగ్ మొదలయ్యాక నేను వరండాలో నిలబడి, పక్క గదుల అమ్మాయిలు చప్పుడు చేయకుండా చూసుకున్నాను. లోపల మేడం ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు.

మర్నాడు ఆఫీసులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అక్క మంచం మీద, అక్క పాత దుప్పటి మీద కూర్చుని మేడం చెబుతోంది: "ఎర్రగడ్డ నుంచి పంజాగుట్ట దాకా ఏడుస్తూ నడిచేదాన్ని. మెట్రో ఎక్కే స్తోమత లేక, మెట్రో నీడలో నడిచాను."

ఆపాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆవిడకూ ఎప్పుడైనా అలా జరిగిందేమోనని ఒక్క నిమిషం అనుకోబోయాను. ఐదో అంతస్తులో పుట్టి పెరిగిన మనిషికి అలా జరగదని నాకు తెలుసు.

తర్వాత నేను చేసింది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ వాక్యం నాలుగో నిమిషంలో ఉంది. మా పనిలో మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్లను పట్టుకోవాలి. ఆ వాక్యాన్ని కోసి ముందుకు తెచ్చాను. మధ్యలో ఆవిడ తీసుకున్న ఊపిరి కత్తిరించాను. 'నీడలో' అనే మాట దగ్గర సంగీతం తగ్గించి, ఆ తర్వాత వేణువు పెట్టాను. చాలా బాగా కుదిరింది. మేడం వెనక నిలబడి చూసి నా భుజం తట్టింది. ఆ సాయంత్రం హాస్టల్‌కి హుషారుగా వెళ్లాను.

"మన రూం వీడియో వచ్చిందా చెల్లె?" అని అక్క రెండు మూడుసార్లు అడిగింది. వచ్చిందని చెప్పాను గానీ చూపించలేదు. నా ఫోన్లో నెట్ రావట్లేదన్నాను. అక్క పాత ఫోన్లో వీడియోలు సరిగా ఆడేవి కావు. అలా కొన్నాళ్లు గడిచింది.

ఒక శనివారం మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అక్క డ్యూటీ నుంచి తిన్నగా పైకే వచ్చింది. యూనిఫారం కూడా మార్చుకోలేదు.

"ఇయాల లక్డీకాపూల్ దగ్గర ఒకరింటికి పోయిన" అంది. "పెద్దమనిషికి బ్లడ్ తీస్తుంటే నాకు ఆవులింత వచ్చింది. ఆయన బిడ్డ చూసి, పొద్దున్నే అట్ల బద్ధకం ఉండొద్దమ్మా, నీకొకటి చూపిస్త, చూస్తే హుషారొస్తది అని ఫోన్ ఇచ్చింది. చూస్తే నా మంచం. నా దుప్పటి."

నవ్వుతూనే చెబుతోంది. నేను బట్టలకు క్లిప్పులు పెడుతూ ఉండిపోయాను.

"నా ముచ్చట నాకే చూపెట్టి, ఈమెను చూసి నేర్చుకో అన్నదామె. ఏమనాలె? మంచిగుంది మేడం అని వచ్చేసిన." అక్క ఒక బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది. "గా వీడియో కట్ చేసింది నువ్వే గదా?"

"అవును."

"చేసేటప్పుడు నీకు తెల్సింది గదా, గవి నా మాటలని?"

"తెలిసింది అక్కా."

"మరి ఒక్క మాట చెప్పకపోతివి."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని. తడి బట్టలు చేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి అక్కే లేచి, నా చేతిలోవి తీసుకుని తీగ మీద వేసింది.

సోమవారం మేడంతో మాట్లాడాను. రెండు రోజులు మనసులో ఎన్నో మాటలు అనుకున్నాను. "ఆ నడిచిన విషయం మా రూమ్మేట్‌ది మేడం. ఆవిడ వీడియో చూసింది" అని మాత్రం అన్నాను.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. "ఎంతమంది అలా నడిచి ఉంటారు చెప్పు? అది అందరి కథ."

"అందరి కథ అయితే 'నేను నడిచాను' అని ఎందుకన్నారు?"

ఆవిడ చేతిలో ఫోన్ బల్లమీద బోర్లించింది. "నిజం చెప్తే ఎవరు వింటారు? నాన్న బిల్డింగ్‌లో ఉంటాను, ఇంట్లో వంటావిడ ఉంది, అయినా ఐదింటికి లేస్తాను అంటే నవ్వుతారు. నేను రోజంతా పడేదీ కష్టమే. కానీ నా కష్టం ఎవరికీ కష్టంలా కనపడదు. నేనేం చెయ్యను?"

నేను లేవబోయాను.

"ఆవిణ్ణి ఒకసారి తీసుకురా" అంది చివరికి.

అక్క రానంటుందనుకున్నాను. వెంటనే ఒప్పుకుంది. డ్యూటీ అయ్యాక శాంపిల్ బాక్సు సెంటర్లో ఇచ్చేసి, ముఖం కడుక్కుని వచ్చింది. మేడం లేచి ఎదురెళ్లింది, కుర్చీ జరిపింది, "మిమ్మల్నే పెట్టి ఒక వీడియో చేద్దాం అక్కా, మీ కథ మీరే చెప్పండి" అంది.

"నాకు వీడియో వద్దు మేడం" అంది అక్క. "ఒక్క మాట చెప్పి పోదామని వచ్చిన. నేను ఏడ్సుకుంట నడువలే. పాటలు పాడుకుంట నడిచిన. మా చర్చి పాటలు. నౌకరి దొరకవట్టె, నాకు మస్తు సంబురముండె గప్పుడు. మీరు ఏడ్సినట్టు చెప్పిన్రు. నేను నడిచిపోయేదని మా అమ్మకు ఎరుకే. ఎవరన్నా ఆమెకు ఇది చూపెడితే, నా బిడ్డ గన్ని దినాలు ఏడ్సిందా, నాకు చెప్పలేదా అనుకుంటది."

మేడం తల దించుకుంది. "సారీ" అంది. ఆ మాట రెండుసార్లు అంది. అక్క "పర్లేదు మేడం, ఫికర్ చెయ్యకున్రి" అని చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి, కప్పు తనే తీసుకెళ్లి సింకులో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మేడం నన్ను పిలిచి, "ఆ 'ఏడుస్తూ' తీసెయ్" అంది. మొత్తం వాక్యం తీసేద్దామా అని అడిగాను. "ఆవిడ అడిగింది అదే కదా" అంది. ఒక స్పాన్సర్ ఆ వీడియోకే డబ్బివ్వడానికి ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది. నేను ఆ ఒక్క మాట కోసేశాను. అతుకు ఎక్కడా తెలియకుండా చేసి, పాత వీడియో తీసేసి దీన్ని పెట్టాను.

కొత్తది అక్కకు నా ఫోన్లో చూపించాను. మంచం మీద మఠం వేసుకుని రెండుసార్లు చూసింది.

"ఇప్పుడు జర మంచిగుంది" అంది. ఫోన్ నాకిచ్చేస్తూ, "కానీ నడిచింది నేనే గదా" అంది. తర్వాత టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆ ఉద్యోగం నేను వెంటనే మానలేదు. మానేశానని చెప్పుకుంటే వినడానికి బాగుండేది. ఇంకో నాలుగు నెలలు చేశాను, వేరే పని దొరికాకే వదిలాను. అక్కతో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. సారీ మాత్రం చెప్పాను, అదీ ఆమె హాస్టల్ ఖాళీ చేసిన రోజు, ట్రంకు పెట్టె కిందికి దింపుతూ మెట్ల మీద. "ఏందిరా నువ్వు, ఇప్పుడా?" అని నవ్వి, "ఆ కొస గట్టిగ పట్టు" అంది.

అక్క ఇప్పుడు మరో ల్యాబ్‌లో కలెక్షన్ సెక్షన్ చూసుకుంటోంది. కింద నలుగురు పనిచేస్తారు. మేడం ఈమధ్య వేరే మాట ఎత్తుకుంది. పరుగులు మనల్ని చంపేస్తున్నాయి, నిద్రపోండి, నెమ్మదిగా బతకండి అని ఏదో ఫామ్‌హౌస్ చెట్ల మధ్య కూర్చుని చెబుతోంది. ఆ సంగతి ఫోన్లో చెబితే అక్క, "మంచిదే గదా, పాపం అలసిపోయిందేమో" అంది. అందులో వెటకారం కోసం వెతికాను, దొరకలేదు.

నేను అమీర్‌పేటలోనే ఒక చిన్న గదిలో సొంతంగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఎవరైనా తమ కష్టాల వీడియో తెస్తే, పని మొదలుపెట్టే ముందు, "ఇది మీకే జరిగిందా?" అని అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. కొందరికి కోపం వస్తుంది. మొన్న ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, "మా తమ్ముడికి" అన్నాడు. అయితే తమ్ముణ్ణే తీసుకురమ్మన్నాను. వస్తాడో రాడో తెలియదు.