చంద్రి నాలుగో దొంగతనం

కరెంటు పోయిందంటే చాలు... మా చిన్నప్పుడు పటాన్‌చెరులో ఒక వెనక గల్లీలో పిల్లలమంతా సబితక్క వాళ్ల గడప ముందు చేరేవాళ్లం. వరసగా కిరాయి గదులు, ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన... అక్క చాప పరిచి, కందిలి పక్కన పెట్టి కథ మొదలుపెట్టేది.

ఎక్కడో చదివిన కథ కాదు. తనే అల్లేది. చంద్రి అనే దొంగపిల్ల, ఆమె భుజం మీద మాట్లాడే ముంగిస. మొదటి కథలో పాముల రాజు మణి, రెండోదాంట్లో మంత్రగత్తె అద్దం, మూడోదాంట్లో ఎగిరే గుర్రం... అన్నీ కొట్టుకొచ్చారు.

నాలుగో కథ మొదలయ్యేసరికి సబితక్క వాళ్ల నాయిన, యాదగిరి మామ, మంచాన పడ్డాడు. రంగుల ఫ్యాక్టరీలో పని ఆయనది. ఎంత రుద్దినా గోళ్లలో నీలం పోయేది కాదు. దగ్గు ముదిరి డ్యూటీ మానేశాడు. నులక మంచం తలుపు దగ్గరకు జరిపించుకుని, మాతో పాటే వినేవాడు.

ఈసారి చంద్రి దోచుకోవాల్సింది పొగ రాక్షసుడి కోట. ఊరి జనం ఊపిరినంతా వాడు కూజాల్లో పోసి దాచాడట... ముంగిస సొరంగం తవ్వింది. కాపలా భూతాలకు చంద్రి జోలపాడి నిద్రపుచ్చింది.

"బిడ్డా, ఆ ముంగిసను మాత్రం సంపకే" అనేవాడు మామ, దగ్గుతూనే. మేం నవ్వేవాళ్లం. అక్క నవ్వేది కాదు.

మామకు జబ్బు ముదిరే కొద్దీ కథ సాగుతూనే పోయింది. ఒక గోడ దాటితే ఇంకో గోడ... ఒక తాళం తీస్తే ఇంకో తాళం. మాకు విసుగొచ్చేది. అక్క ఎందుకలా సాగదీసిందో ఇప్పుడు తెలుస్తోంది.

ఒక సాయంత్రం చంద్రి చెయ్యి కూజా మూత మీద పడింది. అక్కడ ఆపేసింది అక్క.

"ఇయ్యాల్నే చెప్పరాదే బిడ్డా... తెచ్చిందా, లేదా?" అన్నాడు మామ.

"రేపు చెప్త నాయినా. రేపు ఇనాలె నువ్వు."

"గట్లనే కానియ్..."

మర్నాడు మేం బడి నుంచి వచ్చేసరికి వాళ్ల గది ముందు జనం. అక్క మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం కూడా లేదు.

దినాలు అయిపోయాక మళ్లీ కరెంటు పోయింది. అలవాటుగా వెళ్లి కూర్చున్నాం. అక్క కందిలి తెచ్చి పెట్టి, వత్తి సరిచేస్తూ కూర్చుంది. మాలో రఫీ ఉండబట్టలేక అడిగేశాడు.

"అక్కా, చంద్రి కూజా తెచ్చిందా?"

"మా నాయిననే ఇనకపాయె... ఇగ ఎవరికి చెప్పాలె రా?"

చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటి బరువు తన మీద పడింది. కొన్నాళ్లకే మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. ఆదివారాలు కూడా ఓవర్‌టైమ్ చేసేది. కథ అడిగే ధైర్యం మాకు మళ్లీ రాలేదు.

మొన్నీమధ్య కిష్టారెడ్డిపేటలో కూరగాయల బండి దగ్గర కనిపించింది. జుట్టు నెరిసిపోయింది. "మంచిగున్నవా? పిల్లలెంత మంది?" అని ఆప్యాయంగా అడిగింది. అవీ ఇవీ మాట్లాడుకున్నాం. వెళ్తుంటే వెనక్కి పిలిచి కూజా సంగతి అడుగుదామనుకున్నా... అడగకుండానే ఇంటిదారి పట్టా.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో సిరీస్‌లు చూస్తాడు. ఒక భాగం అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది... ఎవరూ ఎవరి కోసమూ ఆపరు.

మీకూ సగంలో ఆగిపోయిన కథ ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... చెప్పినవాళ్లను కూడా ఒకసారి తలుచుకుందాం.