అత్వెల్లి గుమ్మడి, ఒక్క తీగ

ఈ ఉదయం గేటు చప్పుడైతే బయటికి వెళ్లాను. మా గల్లీ చివరింట్లో అద్దెకుండే అక్క నిలబడి ఉంది. ఇంటివాళ్లు డాబా మీద మొక్కలు పెట్టుకోనిచ్చారట. "అవ్వ గుమ్మడి గింజలుంటే నాలుగియ్యవా, పాత పెయింట్ డబ్బాలల్ల పెడ్త" అంది. అడుగుతూ మా పందిరి మీది పిందెను చూసి చెయ్యెత్తింది. వేళ్లన్నీ లోపలికి ముడిచి, పిడికిలితో చూపించింది. అలా చూపించినందుకు తనకే నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఆ పిడికిలి వెనక కొన్నేళ్ల కిందటి ఒక బతుకమ్మ పండుగంత కథ ఉంది.

మేడ్చల్‌లో మా ఇల్లు చిన్నది. ఇంటి వెనక, ప్రహరీగోడ పక్కన, నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత మట్టి నేల మిగిలింది. అత్వెల్లి ఊళ్లో చెల్క అనే మా మెట్ట చేను ప్లాట్లయిపోయాక అవ్వ మా దగ్గరికి వచ్చినప్పుడు, ఇల్లు చూడకముందే ఆ నేలను చూసింది. చీరల మూటలో బూడిద కలిపి గుడ్డల్లో కట్టిన గింజలు తెచ్చుకుంది. బీర, కాకర, పొట్ల, తాను ఆనిగెపుకాయ అనే సొరకాయ, అన్నింటికన్నా కింద గుమ్మడి. వానలు పడగానే నాయిన చేత పందిరి వేయించింది. పొట్లకాయ వేలెడు పొడవు కాగానే దాని కొసకు దారంతో చిన్న రాయి కట్టేది. ఎందుకని అడిగితే, "కట్టకుంటే నీ జడ లెక్క వంకర పోతది" అంది. నా జడ నిజంగానే వంకరగా ఉండేది కాబట్టి నేను ఇంకేమీ అడగలేదు.

నాకు మాట్లాడటం తక్కువ. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని పందిరి కిందికి వెళ్లిపోయేదాన్ని. ఆ చుట్టాల పుణ్యమా అని తీగలతో పరిచయం పెరిగింది. సొర పువ్వు తెల్లగా, మునిమాపు వేళ విచ్చుకుంటుంది. చీకటి పడుతుంటే దాని కోసం సీతాకోకల్లాంటి బొద్దు పురుగులు వస్తాయి. బీర పువ్వు అంతకు ముందే, సాయంత్రం ఎండ వాలగానే పసుపుపచ్చగా తెరుచుకుంటుంది. గుమ్మడి పువ్వు మాత్రం తెల్లవారుజామున విప్పారి, ఎండెక్కేసరికి పిండిన గుడ్డలా ముడుచుకుపోతుంది. ఒకే నీళ్లు తాగి, ఒకే పందిరి పట్టుకుని, ఒక్కొక్కటీ ఒక్కో వేళను ఎందుకు ఎంచుకున్నాయో అని డైరీలో రాసుకునేదాన్ని. జవాబు దొరికేది కాదు, కానీ అడగడం బాగుండేది.

వీటన్నిటిలో అవ్వకు బెంగ గుమ్మడి మీదే. అది బజారులో దొరికే గుమ్మడి కాదు. బల్లపరుపుగా, లోతైన చాళ్లతో, తొక్క మీద బూడిద చల్లినట్టు ఉండేదట. బెల్లం లేకుండానే తియ్యగా ఉడికేదట. తెచ్చిన గింజల్లో చాలావాటికి పురుగు పట్టింది. మంచివి ఏరి అన్నీ పాతితే ఒక్క తీగ బతికింది. "గీ తీగ కాయకుంటే ఇగ గా గుమ్మడి లేనట్టే" అంది అవ్వ ఒకరోజు, ఆకులు తడుముతూ. మా అమ్మ "బజారుల మస్తు గుమ్మడికాయలున్నయి కదా అత్తమ్మా" అంటే, ఆ పూట అవ్వ అన్నం సగమే తిన్నది.

తొమ్మిది రోజుల పండుగలో మొదటిదైన ఎంగిలిపూల బతుకమ్మ నాటికి తీగ నిండా పూలు. మా వైపు బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మకు గుమ్మడి పువ్వు కావాలి. గల్లీలో గుమ్మడి తీగ ఉన్నది మా ఇంట్లోనే. పొద్దున్నే ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. అవ్వ గర్వం చూడాలి. చెల్క పోయినా చెల్కగల ఇల్లాలిలా కొంగు నడుముకు దోపి, పువ్వులు తెంపి పంచేది. ఏ పువ్వంటే ఆ పువ్వు కాదు. కింద చిన్న గోలీలాంటి పిందె ఉన్న పువ్వును ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పొడుగు కాడ మీద ఊరికే పూసేవాటిని మాత్రం ఒక్కటి మిగల్చకుండా ఇచ్చేసేది. "అవి ఉత్త పువ్వులు, పూసుడే గాని కాసుడు లేదు, గౌరమ్మకన్న అక్కెరకొస్తయి" అనేది. కానీ ఆమె కాపాడుకున్న పిందెలన్నీ రెండు మూడు రోజులకు పసుపు తిరిగి రాలిపోయేవి.

ఐదో రోజు పొద్దున ఆ చివరింటి అక్క తన పాపతో వచ్చింది. తెల్లవారి విచ్చుకున్న పిందె పువ్వును పాపకు చూపించింది, చూపుడువేలు పెట్టి.

"దొరికిందిగా దొంగ" అంది అవ్వ. "వేలు పెట్టి సూపిస్తే పిందె నిలుస్తదానె? పిడికిలి ముడిసి సూపాలె. గింత పెద్దదానివైనవ్, మీ అమ్మ చెప్పలేదా?"

"ముద్దుగున్నదని పాపకు సూపిచ్చిన అవ్వా. నేనేం జేసిన?"

"ఏం జేసినవా? అన్ని పిందెలు రాలె. నీ వేలు సల్లగుండ."

గేటు దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. అక్క తీసుకున్న పువ్వును గోడ మీద పెట్టి, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ అలిగిందని ఎవరూ పేర్చరు. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. తీగ మీది పువ్వులు తీగ మీదే ఉన్నాయి. ఏడో రోజు నుంచి మళ్లీ అందరూ వచ్చారు, అక్క తప్ప.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి పొద్దున అవ్వ నన్ను కేకేసింది. ఆకుల చాటున ఒక పిందె నిమ్మకాయంత అయింది. పచ్చగా, గట్టిగా ఉంది. అలిగిన రోజు పూసిన పువ్వుది. "సూసినవా బిడ్డా? గా పిల్ల రాకుంటే నిలిచింది. ఇగ గడప తొక్కనియ్య."

పిందెను చూసిన సంతోషంలో కూడా నాకు ఆ మాట దిగలేదు. సొర తీగ నిండా కాయలే, దాని పువ్వులు ఎవరూ అడగరు. స్కూల్లో మగపువ్వు, ఆడపువ్వు బొమ్మలు రంగులేసి మరీ గీశాను, మార్కులూ వచ్చాయి. అది మా పెరట్లో జరిగే సంగతని ఎన్నడూ తోచలేదు. ఈసారి అన్నాను.

"అవ్వా, అక్క మొన్న రాలె, నిన్న రాలె. మరి మొన్న పూసిన పిందె ఎందుకు పసుపు తిరిగింది?"

అవ్వ ఆ పిందెను కూడా వంగి చూసింది. "ఎందుకు?"

"నువ్వు ఇచ్చేటివి ఉత్త పువ్వులు కావు. వాటి పొడి వీటికి తగలాలె. అలిగిన్నాడు ఎవరు తెంపలే, తుమ్మెదలు తెచ్చినయి. ఇది నిలిచింది."

"అత్వెల్లిల ఊరందరికి పంచిన గదా. గప్పుడు కాయలేదా?"

"ఆడ నీకు చెల్క నిండ తీగలుండె అవ్వా. ఈడ ఉన్నది ఒక్కటే."

నేను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అవ్వకూ కొత్తే. పందిరి గుంజ పట్టుకుని ఆ ఒక్క తీగను మొదలు నుంచి కొస దాకా చూసింది. తర్వాత కాడ పువ్వొకటి తెంపి, ఆ పూట విచ్చుకున్న పిందె పువ్వుకు తాకించింది. "గింతేనా?" అంది. గింతే అన్నాను. ఆ పువ్వునే కొంగులో పెట్టుకుని గల్లీ చివరకు నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"ఇగో, గౌరమ్మకు" అంది అవ్వ తలుపు దగ్గర. "పిందె నిలిచింది, వచ్చి సూడు."

"నేను రానవ్వా. మల్ల నా వేలు అంటవ్."

"నీ వేలు కాదులే. పువ్వులన్ని పంచింది నేనే." పువ్వు చాపుతూ, "అయినా పిడికిలితోనే సూపియ్యి. ఎందుకైనా మంచిది" అంది. అక్క నవ్వు ఆపుకోలేక పువ్వు అందుకుంది.

చలికాలంలో ఆ కాయ పండింది. అవ్వ చెప్పినట్టే బల్లపరుపుగా, బూడిద చల్లినట్టు. కోసిన రోజు గల్లీకంతా తలా ముక్క వెళ్లింది. గింజలు మాత్రం ఒక్కటి కూడా గడప దాటలేదు.

ఈ ఉదయం అక్క అడిగింది ఆ గింజల పిల్లల్నే. అవ్వ ఇప్పుడు పెరట్లోకి రావడం తగ్గించింది. లోపల మంచం మీద నుంచే ఎవరొచ్చారని అడిగింది. చెప్పాను. ఇవ్వదేమో అనుకున్నాను. "ఇయ్యి" అంది. "గాని ఒక్క తీగ పెట్టొద్దను. రెండు మూడు పెట్టుమను. మనదానికి గూడ తోడైతది."

బూడిద దులిపి అక్క దోసిట్లో గింజలు పోశాను. అత్వెల్లి చెల్కను ఎవరూ తిరిగి తేలేరు. ఏళ్లు దాన్ని ముక్కలు చేసి ఒకటి మా పెరట్లో, ఒకటి ఆ డాబా మీద, డబ్బాల్లో పెట్టాయి. వచ్చే వానలకు ఏ తెల్లవారుజామునో ఒక తుమ్మెద మా గోడ దాటి అటు వెళ్తే, అంతసేపైనా అది మళ్లీ ఒకే చెల్క.